కోడలితో ఉప్పు బంగళాకు

మా అబ్బాయి పోయిన మరుసటి ఏడు, వేసవి సెలవుల్లో, మా కోడలు నన్నొక కోరిక అడిగింది. సముద్రానికి తీసుకెళ్ళమంది.

నెల్లూరులో ఉండేవాళ్ళకు సముద్రం పెద్ద కోరికేమీ కాదు. ఆటో ఎక్కితే మైపాడు. ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, ఆరాధన అయ్యాక పులిహోర డబ్బాలో సర్దుకొని వెళ్ళి, కాళ్ళు తడుపుకొని, చీకటి పడేలోపు ఇంటికి వచ్చేసేవాళ్ళం. కానీ ఆ పిల్ల అడిగింది మైపాడు కాదు. కోట, వాకాడు ఊళ్ళు దాటి దక్షిణాన దుగరాజపట్నం వైపు, ఉప్పుటేరు పక్కన ఒక పాత బంగళా ఉంది. తెల్లవాళ్ళ కాలంలో ఉప్పు శాఖ దొర ఉండడానికి కట్టినది. ఇప్పుడెవరో కొనుక్కొని, సున్నం వేయించి, వచ్చినవాళ్ళకు గదులు అద్దెకిస్తున్నారు. అక్కడికి వెళ్ళాలంది.

ఆ బంగళా సంగతి మా ఇంట్లోకి తెచ్చింది మా అబ్బాయే. వాడు కృష్ణపట్నం రేవులో పని చేసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆ పిల్ల గోవా వెళ్దామని ముచ్చటపడింది. ఓడలు ఒకదాని వెనక ఒకటి వస్తూ ఉంటే వాడికి సెలవు దొరకలేదు. రేవులో తోటివాడెవరో చెబితే ఈ బంగళా ఫొటోలు ఫోన్‌లో చూపించి, "గోవాలో ఏముందే? తెల్లోళ్ళ బంగళాలూ, కొబ్బరిచెట్లూ, సముద్రమూ. ఇక్కడా అయ్యే ఉండాయి. పైగా మన చేపల పులుసు దొరకతాది" అని నవ్వించేవాడు. ఆ పిల్ల మూతి ముడుచుకునేది. తర్వాత తనే మెత్తబడి, సరే అక్కడికే పోదాం అనేది. వెళ్దాం వెళ్దాం అనుకుంటూండగానే వాడికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. డెంగ్యూ అన్నారు. రక్తం ఎక్కించారు. చేయవలసినవన్నీ చేశారు. వాడు మాకు దక్కలేదు.

ఆ పిల్లకు తల్లిదండ్రులు లేరు. ఒంగోలులో అన్నావదినలు ఉన్నారు. వాళ్ళు వచ్చి తీసుకెళ్తామన్నప్పుడు ఆమె వెళ్ళలేదు. ఇక్కడే ఉంటాను, బడికి వెళ్తాను అంది. ఒక చిన్న ప్రైవేటు బడిలో ఎల్కేజీ పిల్లలకు పాఠాలు చెప్పేది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. సాయంత్రం బడి నుంచి వచ్చి నా మిషను పక్కన చాప వేసుకొని కూర్చుని హుక్కులు కుట్టిపెట్టేది. ఆ రోజు పిల్లలు చేసిన అల్లరి అంతా చెప్పేది. మా ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మాటలు తక్కువ మనిషి. ఆయన కూడా ఆ కబుర్ల కోసం గుమ్మంలో కుర్చీ వేసుకొని, పేపరు అడ్డం పెట్టుకొని వినేవాడు. ఆ పిల్ల వల్లే మా ఇంట్లో ఇంకా మనుషుల గొంతు ఉండేది.

ఆ వేసవికి కొంచెం ముందు వాళ్ళ అన్న మా ఆయనకు ఫోన్ చేశాడు. ఒక సంబంధం వచ్చిందని, అబ్బాయి ఒంగోలులోనే మందుల షాపు నడుపుతాడని, అతనికీ భార్య పోయిందని చెప్పాడట. మా ఆయన నాతో ఆ మాట అన్నప్పుడు నేను కత్తెర చేతిలో పట్టుకొని ఉన్నాను. గుడ్డ కత్తిరించడం ఆపలేదు.

"మనమే చెప్పాలమ్మే. మనం నోరు తెరవకపోతే ఆ పిల్ల ఎప్పటికీ కదలదు" అన్నాడు ఆయన.

ఆయన చెప్పింది న్యాయమని నాకు తెలుసు. చెప్పాలనే నిర్ణయించుకున్నాను. వంట చేస్తూ, మిషను తొక్కుతూ, ఏ మాటతో మొదలుపెట్టాలా అని లోపల్లోపల కూర్చుకునేదాన్ని. నువ్వు మా బిడ్డవి, మా గురించి ఆలోచించకు, నీ బతుకు నువ్వు చూసుకో అనాలి. ఆ మాట విని ఆ పిల్ల ఏడుస్తుంది, నేను పోనంటుంది, నా మెడ పట్టుకుంటుంది. నేను బుజ్జగించి ఒప్పిస్తాను. ఇంత వరకూ ఊహించుకునేదాన్ని. ఆ ఊహలో నాకు దుఃఖమూ ఉండేది, ఏదో ఒక తృప్తీ ఉండేది. సరిగ్గా అప్పుడే ఆమె బంగళాకు వెళ్దామని అడిగింది. అక్కడైతే చెప్పడం సులువు అనుకున్నాను.

మరిది కారు అడిగి తీసుకున్నాం. శనివారం పొద్దున్నే బయల్దేరాం. మా ఆయన ఒకప్పుడు ఆ దారిలో బస్సు నడిపినవాడే. గూడూరు దాటాక ప్రతి ఊరి స్టాపు దగ్గరా అలవాటుగా కారు నెమ్మది చేసేవాడు. ఎక్కడానికి ఎవరూ లేరని గుర్తొచ్చి మళ్ళీ కదిలించేవాడు. వెనక సీట్లో ఆ పిల్ల అది చూసి నవ్వు ఆపుకుంటూ నా చెయ్యి గిల్లింది. అద్దం దించి, తల కిటికీకి ఆనించి కూర్చుంది. వాకాడు దాటాక గాలి మారింది. రొయ్యల గుంటల్లో గాలి కలిపే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ తర్వాత బకింగ్‌హాం కాలవ వచ్చింది. ఒకప్పుడు ఇందులోనే ఉప్పూ కట్టెలూ మద్రాసుకు పడవల మీద పోయేవట. ఇప్పుడు గుర్రపుడెక్క ఆకు, మధ్యలో ఒక కొంగ.

బంగళా ఫొటోలో ఉన్నంత తెల్లగా లేదు. ఉప్పుగాలికి సున్నం పొరలు పొరలుగా లేచి కింద ఎర్రటి ఇటుక కనబడుతోంది. కానీ చల్లగా ఉంది. మనిషి మీద మనిషి నిలబడినా అందనంత ఎత్తు కప్పు. పాతకాలపు గుడ్డ పంకా వేలాడదీసిన కొక్కేలు దూలాలకు అలాగే ఉన్నాయి. పంకా తాడు బయటికి పోవడానికి గోడలో చేసిన కన్నం కూడా ఉంది. ఆ కన్నానికి అవతల, వరండాలో, మనవాడు ఎవడో రోజంతా కూర్చొని తాడు లాగుతూ ఉండేవాడన్నమాట. మా ఆయన ఆ కన్నంలో వేలు పెట్టి చూసి, వరండాలోని పడక్కుర్చీలో కూర్చున్నాడు. చేతులు పొడవుగా ఉన్న దొరల కుర్చీ అది. కాసేపటికే నిద్రపోయాడు. అక్కడ ఎవరికీ ఏ పనీ తొందర లేదు. గేటు దగ్గర కుక్క కూడా మమ్మల్ని చూసి మొరగలేదు. తోక ఒకసారి కదిలించి పడుకుంది.

వంట చేసిపెట్టే ఆమె పక్కన పాలెం మనిషి, నా వయసుదే. వంజరం చేప ముక్కలతో మామిడికాయ వేసి పులుసు పెట్టింది. వడ్డిస్తూ, "మీ కూతురా అక్కా?" అని అడిగింది.

కోడలన్నాను.

"మరి కొడుకు రాలేదా?"

నాకంటే ముందే ఆ పిల్ల తలెత్తకుండా, "ఆయన లేరు పిన్నీ" అంది. అని పులుసు ఇంకొంచెం వేయమని గిన్నె ముందుకు జరిపింది. ఆమె గరిటెతో చేప తల తీసి ఆ పిల్లకు వేసింది.

ఎండ తగ్గాక సముద్రం వైపు నడిచాం. దారిలో ఇసుక దిబ్బల పక్కన ఒకచోట పాత ఇటుకల కుప్ప, సర్వీ చెట్లు. మద్రాసు కంటే ముందే తెల్లవాళ్ళు ఈ తీరంలో దిగి కోట కట్టుకున్నారని మా అబ్బాయి చెబుతుండేవాడు. ఆ ఇటుకలు కోటవో, ఉప్పు నిల్వచేసే కొటారువో మాకెవరూ చెప్పలేదు. ఆ పిల్ల ఒక ముక్క చేతిలోకి తీసుకొని చూసి, తీసినచోటే పెట్టేసింది. దూరంగా లైటుహౌసు కనబడుతోంది. మా ఆయన వలలు బాగుచేసుకునేవాళ్ళ దగ్గర ఆగి, ఒడ్డుకు లాగిన పడవ అంచు మీద కూర్చున్నాడు. మేమిద్దరం నీళ్ళ దాకా వెళ్ళాం.

ఆ పిల్ల నీలం రంగు పంజాబీ డ్రెస్సు వేసుకుంది. అంతకు ముందెప్పుడూ నేను చూడనిది. కాళ్ళ దగ్గర మడుచుకొని నీళ్ళలోకి దిగింది. అల వస్తే వెనక్కి పరుగెత్తింది. అల పోతే మళ్ళీ దాని వెంట వెళ్ళింది. ఒక పెద్ద అల నడుము దాకా తడిపేసరికి గట్టిగా నవ్వింది. వాడు పోయాక ఆ నవ్వు వినడం నాకదే మొదటిసారి. వాడు ఇక్కడ ఉండాలి కదా, ఈ నవ్వు వినవలసింది వాడు కదా అనిపించింది.

ఆమె వచ్చి తడి బట్టలతోనే నా పక్కన ఇసుకలో కూర్చుంది. ఇదే సమయం అనుకున్నాను. కూర్చుకున్న మాటలన్నీ వరసగా గొంతు దాకా తెచ్చుకున్నాను.

"అత్తమ్మా, మీకొక మాట చెప్పాల" అంది ఆమె.

"చెప్పు తల్లీ."

"మా అన్న చూసిన సంబంధానికి నేను సరే అన్నా."

నేను ఆమె వైపు చూశాను. ఆమె సముద్రం వైపు చూస్తోంది.

"ఎప్పుడు?"

"ఎండలు మొదలైనప్పుడే. ఆయన ఒకసారి బడి దగ్గరికి వచ్చి మాట్లాడి పోయినారు. ఇంట్లో చెప్పాలంటే నాకు నోరు రాలేదు. ఆ మిషను, ఆ గోడలు, ఆ ఫొటో. అందుకే ఇక్కడికి పోదామన్నా. ఇక్కడైతే మీకూ చెప్పినట్టుంటాది, ఆయనక్కూడా చెప్పినట్టుంటాదని."

మొదటి 'ఆయన' ఒకరు, రెండో 'ఆయన' ఇంకొకరు. ఆ రెండింటి మధ్య ఆమె గొంతు మారడం విన్నాను.

నేను చెప్పవలసినవన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. ఒప్పించడానికి అక్కడేమీ లేదు. ఆమె నన్ను అడగలేదు, చెప్పింది. చెప్పడానికి ఎన్నాళ్ళు భయపడిందో పాపం. నేను ఏ మాట అనాలని ఇన్నాళ్ళూ అనుకున్నానో, జరిగింది సరిగ్గా అదే. మిషను పక్కన కూర్చొని హుక్కులు కుడుతూ పిల్లల కబుర్లు చెప్పిన ఆ సాయంత్రాలన్నిట్లోనూ ఈ మాట ఆమె లోపల ఉందన్నమాట.

మంచిదమ్మా అనబోయాను. నోట్లోంచి వచ్చింది వేరే.

"వాణ్ణి మరిచిపోయినావా?"

ఆమె కోపం తెచ్చుకోలేదు. ఏడవనూ లేదు. చేతికి అంటిన ఇసుక మెల్లగా దులుపుకుంది.

"నాకు ఇరవయ్యేడేళ్ళు అత్తమ్మా" అంది.

ఆ వయసులో నాకు వాడు పుట్టాడు. చంకనేసుకొని గుడికి వెళ్ళేదాన్ని. ముందు ముందు బోలెడంత బతుకుందని అనుకుంటూ ఉండేదాన్ని. ఆ పిల్ల చెయ్యి తీసుకొని నా ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లగా, తడిగా, ఉప్పుగా ఉంది. అప్పుడు మంచిదమ్మా అన్నాను. మా ఆయన వచ్చి పిలిచే దాకా అలాగే కూర్చున్నాం.

రాత్రి భోజనాల దగ్గర ఆమే మామగారికి చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూ విన్నాడు. "మంచి పని చేసినావు తల్లీ. నేను చెప్పాల్సిన మాట నువ్వే చెప్పినావు" అన్నాడు. అన్నం పూర్తిగా తిన్నాడు. పెరట్లో కొళాయి దగ్గరికి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. చెయ్యి ఎప్పుడో శుభ్రమైపోయింది. అయినా నీళ్ళ కింద చెయ్యి పెట్టి అటు తిరిగి నిలబడే ఉన్నాడు. వంట చేసే ఆమె బిందె పట్టుకొని వచ్చి, ఆయన్ని చూసి, వెనక్కి వెళ్ళిపోయింది.

మరునాడు ఆదివారం. దగ్గర్లో గుడి లేదు కాబట్టి వరండాలోనే ముగ్గురం కూర్చొని ప్రార్థన చేసుకున్నాం. మా ఇంట్లో ప్రార్థన చేసేది నేనే. ఈ బిడ్డను నీ చేతికి అప్పగిస్తున్నాం ప్రభువా, ఆమె కొత్త ఇంటిని దీవించు అని మొదలుపెట్టాను. కొత్త ఇల్లు అన్నాక ఆగిపోయాను. ఎదురుచూశారు ఇద్దరూ. అప్పుడు ఆ పిల్ల అందుకుంది. మా ఆరోగ్యం కోసం, మా ఆయన మోకాళ్ళ నొప్పి కోసం, నా కళ్ళ కోసం ప్రార్థించింది. తన కోసం ఒక్క మాటా అడగలేదు. ఆమెన్ అని ముగ్గురం అన్నాం.

తిరుగు ప్రయాణంలో ఆమె నన్ను రెండు అడిగింది. ఒకటి, పెళ్ళి ఫొటోల ఆల్బమ్ మా దగ్గరే ఉంచుకోవాలని.

"అక్కడికి తీసకపోలేను, యాడా పారెయ్యలేను. మీ దగ్గరుంటే ఉన్నట్టు ఉంటాది అత్తమ్మా."

రెండోది, పెళ్ళి జాకెట్టు నేనే కుట్టివ్వాలని. మొదటి పెళ్ళికీ నేనే కుట్టాను కదా, ఇంకెవరు కుట్టినా తనకు సరిగ్గా కుదరదు అంది. సరేనన్నాను.

ఇంటికి వచ్చాక కొలత తీసుకుంటే నడుము అప్పటి కంటే బాగా తగ్గింది. టేపు చుట్టి పట్టుకొని నేను కాసేపు అలాగే నిలబడ్డాను. ఆమె కూడా కదలలేదు. తెల్లటి పట్టు, అంచుకు సన్నటి వెండి జరీ. మిషను మీద నమ్మకం లేక జాకెట్టు చేతులు మాత్రం చేత్తోనే కుట్టాను. అది తీసుకొని అన్నతో ఒంగోలు వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు మా ఆయన సంచులు బస్టాండు దాకా మోసుకెళ్ళి, తనకు తెలిసిన డ్రైవరు బస్సే చూసి ఎక్కించాడు. జాగ్రత్తగా తీసకపో, మా అమ్మాయి అని చెప్పాడట ఆ డ్రైవరుతో.

పెళ్ళికి ముందు వాళ్ళ అన్న ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. మీ మంచితనం మరిచిపోము అన్నాడు. కానీ పెళ్ళికొడుకు తరఫు పెద్దలు పాతకాలం వాళ్ళని, మిమ్మల్ని చూస్తే అమ్మాయి పెళ్ళిలో తట్టుకోలేదని, మీరు ఇంటి దగ్గర్నుంచే దీవిస్తే చాలని చెప్పాడు. అలాగే నాయనా అన్నాను. అది అన్యాయమని నేను అనుకోలేదు. ఆ పెళ్ళిరోజు నేను పొద్దుటి నుంచీ ఎవరిదో చీరకు ఫాల్ కుడుతూ కూర్చున్నాను. ఇప్పుడు జాకెట్టు తొడుక్కుంటూ ఉంటుంది, ఇప్పుడు గుడికి బయల్దేరి ఉంటారు, ఇప్పుడు ఉంగరాలు మార్చుకుంటూ ఉంటారు అని గడియారం చూడకుండానే నాకు తెలుస్తూ ఉంది. మా ఆయన మధ్యాహ్నం స్వీటు పొట్లం తెచ్చాడు. ఎందుకని నేను అడగలేదు. ఇద్దరం ఒక్కొక్కటి తిన్నాం.

తర్వాత కొన్నాళ్ళు ఫోన్లు చేసేది. మొదట తరచుగా, తర్వాత అప్పుడప్పుడు. ఒకరోజు చేసి, "ఆంటీ, బాగుండారా?" అంది. వెనక టీవీ మోగుతోంది, ఎవరో పెద్దావిడ దగ్గుతోంది. అక్కడ ఆమెకు అత్తగారు ఉన్నారు. ఇప్పుడు అత్తమ్మా అనే పిలుపు ఆవిడది. నేను బాగుండామమ్మా అన్నాను. తను కూడా తడబడ్డట్టే ఉంది. కంటి ఆపరేషను చేయించుకున్నారా అని అడిగింది. చేయించుకుంటాను అన్నాను.

మొన్న క్రిస్మస్ ముందు మళ్ళీ చేసింది. నెల తప్పిందట. ముందు మీకే చెప్తా ఉండా అంది. ఈసారి వెనక ఏ చప్పుడూ లేదు. మేడ మీదికి వెళ్ళి చేసినట్టుంది. నేను దేవుడికి స్తోత్రం చెప్పి, పులుపు మీదికి మనసు పోతోందా, వాంతులు అవుతున్నాయా, బరువులు ఎత్తకు అని ఆడవాళ్ళు చెప్పే మాటలన్నీ చెప్పాను. ఆమె అన్నిటికీ ఊఁ అంది.

మా ఆయనకు చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. బిడ్డ ఎప్పుడు పుడతాదంట అన్నాడు. ఒంగోలుకు బస్సు ఎన్ని గంటలకు అన్నట్టు కాసేపు ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

"పుట్టే బిడ్డ మనకేమవతాదే?"

నేను ఆలోచించాను. మనవడు కాదు, మనవరాలు కాదు. వరస కలిపి చూస్తే ఎటు నుంచీ కలవలేదు.

"ఏమీ కాదు" అన్నాను.

ఆయన తల ఊపాడు. చొక్కా తగిలించుకొని, పాలు తెస్తానని బయటికి వెళ్ళాడు. పాలు పొద్దున్నే వచ్చాయి. నేను గుర్తు చేయలేదు. మా అబ్బాయి పోయినప్పుడు ఇంటి నిండా జనం ఉన్నారు. సంఘం వాళ్ళు, చుట్టాలు, వీధి మొత్తం వచ్చి నాతో కలిసి ఏడ్చారు. ఆ పిల్ల వెళ్ళిపోయినందుకు ఎవరూ రాలేదు, ఎందుకొస్తారు. మిషను మీద తల ఆనించి, ఆ మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఏడ్చాను.